పంటు గదిలో రేకు డబ్బా

ఇర్మెలి కాఫీ మానేసిందన్న వార్త పంటు కంటే ముందే అవతలి ఒడ్డుకు చేరింది. పంటు నడిపేది ఇర్మెలే. అయినా ఆ పొద్దున ఆమె రెండు కార్లను ఎక్కించుకుని సరస్సు దాటి అవతలి రేవులో తలుపు దించేసరికి, పాల లారీ పక్కన నిలబడ్డ యోర్మ ముఖం అప్పటికే వేలాడేసుకుని ఉన్నాడు.

"నిజమేనా?" అన్నాడు, పలకరింపు కూడా లేకుండా.

"ఏది?"

"కాఫీ."

"ఆఁ, మానేశాను. లారీ ఎక్కించు."

"ఇంట్లో అంతా బాగానే ఉన్నారా? ఎవరైనా పోయారా?"

"ఎవరూ పోలేదు. కడుపులో మంట. ఎక్కుతావా, తలుపు ఎత్తెయ్యమంటావా?"

యోర్మ లారీ ఎక్కించాడు గానీ దారి పొడుగునా ఆమె గది కిటికీ వంకే చూస్తూ కూర్చున్నాడు. ఆ చూపు రోగిని చూసే చూపు కాదు, మతం మార్చుకున్న మనిషిని చూసే చూపు.

అతన్ని తప్పుపట్టడానికి లేదు. హిర్విరంత ఊళ్ళో మనిషి చర్చికి రావడం మానేసినా ఎవరూ అడగరు. పన్ను ఎగ్గొట్టినవాడితో కూడా పక్కన కూర్చుని చేపలు పడతారు. కాఫీ వద్దన్నవాణ్ణి మాత్రం మూడు తరాలు గుర్తుపెట్టుకుంటారు. లేవగానే కాఫీ, పనిలో రెండుసార్లు కాఫీ, పెళ్ళికి కాఫీ, పాతిపెట్టి వచ్చాక కాఫీ, పొలం గట్టు తగాదా తీర్చుకోవడానికి కూడా కాఫీయే. ఒక ఇంటికి వెళ్ళి కప్పు బోర్లించి కూర్చున్నావంటే ఆ ఇంటివాళ్ళను తిట్టినట్టే లెక్క.

ఇర్మెలి చెప్పిన కడుపు మంట శుద్ధ అబద్ధం. అసలు సంగతి గుండె.

సరస్సు మీద మంచు కరిగి, నీళ్ళు మళ్ళీ నల్లగా కనిపించిన రోజుల్లో మొదలైందది. పంటు నడుపుతూ నడుపుతూ ఉండగా గుండె ఒక్క క్షణం ఆగినట్టయ్యేది. తరువాత ఎవరో తలుపు దబదబా బాది పారిపోయినట్టు నాలుగైదు దెబ్బలు గబగబా కొట్టుకునేది. మొదట్లో నవ్వుకుంది. యాభై ఎనిమిదేళ్ళ ముసలి గుండెకి ఇప్పుడెవరి మీద మనసు పడిందో అనుకుంది. వారం తిరిగేసరికి నవ్వు పోయింది. ఆ దడ వచ్చినప్పుడల్లా ఆమెకి ఒక్కటే గుర్తొచ్చేది, తండ్రి.

తండ్రి ఓయివ కూడా ఈ రేవులోనే పంటు నడిపాడు. ముప్పై ఏళ్ళ కిందటి మాట. ఆయనకీ ఇలాగే దడ వచ్చేది. వారానికోసారి ఊళ్ళోకి వచ్చే డాక్టరు ఆయన కప్పు వంక చూసి, ఇదే నీ జబ్బు, దీన్ని తగ్గించు అన్నాడు. ఇర్మెలి తల్లి ఐలి ఆ మాట పట్టుకుని మొగుడికి రోజుకి ఒకే ఒక్క కప్పు పోసేది. ఒక వసంతం పొద్దున ఓయివ చంటిపిల్లాడిలా బతిమాలాడు. ఐలి జాలిపడి రెండో కప్పు పోసింది. ఆ మధ్యాహ్నమే ఆయన పంటు నడుపుతూ మర మీద వాలిపోయాడు. ఇనుప తాడు పట్టుకుని నడిచే పంటు కాబట్టి అది ఎటూ కొట్టుకుపోలేదు. సరస్సు మధ్యలో ఆగి, ఒడ్డుకి నడపడానికి మనిషి లేక అలాగే నిలబడింది.

ఆ రోజు నుంచి ఐలి కాఫీ ముట్టలేదు. సొంత మొగుడి అంత్యక్రియల రోజున ఊరంతా కాఫీ తాగుతుంటే ఆవిడ వేడినీళ్ళ కప్పు పట్టుకుని కూర్చుంది. ఆ రెండో కప్పుతో మొగుణ్ణి తనే చంపానన్నది ఆవిడ లెక్క. ఎవరు కాదన్నా వినదు. వినిపించుకున్నట్టు తలూపి, మళ్ళీ వేడినీళ్ళే తాగుతుంది.

తండ్రి పోయిన ఏడాదే ఇర్మెలి పట్నంలో ఉద్యోగం మానుకుని వచ్చి పంటు గదిలో కూర్చుంది. తరువాత పంటు మారింది, మరలు మారాయి, గది మారింది. మారనిది ఒక్కటే, తండ్రి ఎర్ర రేకు డబ్బా. పంటు వేగం పెంచి తగ్గించే మరపిడి పక్కన తీగకి వేలాడుతూ ఉండేది. మూత మీద రంగు ఎప్పుడో పోయింది. ఓయివ కాలంలో అందులో చప్పరించే నల్ల మిఠాయి బిళ్ళలు ఉండేవి. ఇర్మెలి కాలంలోనూ అవే. సల్మియాక్కి అంటారు ఇక్కడ. ఉప్పగా, ఘాటుగా, బయటివాళ్ళు నోట్లో పెట్టుకుంటే ఉమ్మేసే సరుకు. మనవాళ్ళకి పాలపళ్ళు రాకముందే అలవాటవుతుంది. తండ్రి కాలంలో ఆ డబ్బాని ఎవరు నింపేవారో ఇర్మెలి ఎన్నడూ ఆలోచించలేదు. డబ్బా అన్నాక నిండుగా ఉంటుంది, అంతే.

దడ సంగతి ఆమె ఒక్క భర్తకే చెప్పింది. తైస్తో రంపపు మిల్లులో పనిచేసి రిటైరయ్యాడు. చేతులకి పని లేక ఇల్లంతా ఊడ్చి, వండి, బన్నులు కాల్చి ఆమెను ముద్దు చేస్తుంటాడు. సంగతి వినగానే పొయ్యి మీదున్న కాఫీ గిన్నెను తీసుకెళ్ళి తొట్టిలో ఒంపేశాడు.

"రేపణ్ణించి చుక్క లేదు."

"కంపెనీ డాక్టరు చూస్తే పంటు దింపేస్తాడు తైస్తో. ఆగస్టులో పరీక్ష ఉంది. అది నాన్న గుండే అయితే నన్ను ఆ గదిలోకి మళ్ళీ అడుగు పెట్టనివ్వరు."

"అందుకే అంటున్నా. ఆగస్టు లోపల బాగైపోతావ్. కాఫీ మానితే చాలు. మీ నాన్న మానలేకపోయాడు, నువ్వు మానతావ్."

పంటు పోతే ఇర్మెలికి ఏం మిగులుతుందో అతనికి తెలుసు. పిల్లలు లేరు. ఆమెకి అటో ఊరు, ఇటో ఊరు కాదు, ఆ రెండింటి మధ్యనున్న నీళ్ళే ఊరు. వచ్చేవాళ్ళూ పోయేవాళ్ళూ కిటికీలోంచి చెప్పే కబుర్లే బంధువులు. ఆ గది లేకుండా ఆమె ఇంట్లో కుర్చీలో కూర్చోవడం తైస్తో ఊహకే అందలేదు.

అందుకే ఒట్టి మాన్పించడంతో ఊరుకోలేదు. కాఫీ లేక నోరు పీక్కుపోతోందని ఆమె అనగానే కారేసుకుని పట్నం వెళ్ళి నల్ల బిళ్ళలు కిలోల లెక్కన తెచ్చాడు. మామూలు రకం కాదు, మందుల షాపులో అమ్మే ఘాటు రకం. రోజూ పొద్దున తన చేత్తో ఎర్ర డబ్బా నింపి, మూత బిగించి, ఆమె సంచిలో పెట్టేవాడు.

"కాఫీ మీదికి మనసు పోయినప్పుడల్లా ఒకటి నోట్లో వేసుకో."

"నిమిషానికోసారి పోతోందయ్యా."

"అయితే నిమిషానికోటి వేసుకో. నింపడానికి నేన్లేనూ?"

తను కూడా ఇంట్లో కాఫీ మానేశానన్నాడు. ఆవిరి స్నానాల గది వెనక దాక్కుని తాగి వస్తున్నాడని చొక్కా వాసన చూస్తేనే తెలిసిపోయేది. ఇర్మెలి చూసీ చూడనట్టు ఊరుకుంది. ముప్పై ఏళ్ళ కాపురంలో అతను చెప్పిన అబద్ధాలన్నీ ఆ బాపతువే.

కాఫీ మానేసి నెల దాటింది. దడ తగ్గలేదు సరికదా, పెరిగింది. చీలమండలు వాచి బూట్లు ఎక్కలేదు. తలనొప్పి పొద్దున లేస్తూనే మంచం దగ్గర కాచుకుని ఉండేది. మెట్లెక్కుతుంటే తొడలు ఆమెవి కానట్టు బరువుగా వేలాడేవి. ఒకరోజు గుండె అలా కొట్టుకుంటూ కొట్టుకుంటూ రేవు దాటి రేవు వచ్చేదాకా ఆగలేదు. కాఫీ మానినా పోలేదంటే ఇక సందేహం ఏముంది, నాన్న గుండే నాకొచ్చింది అనుకుంది.

తైస్తో పోరు పడలేక ఊరి ఆరోగ్య కేంద్రానికి వెళ్ళింది. నర్సు మెర్వి బీపీ చూసి కనుబొమలెత్తింది.

"ఏం తింటున్నావ్ ఇర్మెలీ?"

"ఏముంది, అందరూ తినేదే. రై రొట్టె, బంగాళాదుంపలు, చేప."

"తాగేది?"

"నీళ్ళు. మజ్జిగ."

"కాఫీ?"

"మానేశాను."

మెర్వి కలం పక్కన పెట్టి ఆమె చెయ్యి పట్టుకుంది. "అయ్యో తల్లీ, ఎప్పట్నుంచి?" అంది, చావు కబురు విన్నట్టు. తరువాత బీరు సంగతి అడిగింది, నిద్ర సంగతి అడిగింది, మనసులో దిగులేమైనా ఉందా అని అడిగింది. రక్తపరీక్ష చేయించుకోమంది. ఇర్మెలి అన్నిటికీ ఉన్నదున్నట్టు చెప్పింది. ఒక్కటి మాత్రం చెప్పలేదు. దాచి కాదు. గాలి పీలుస్తున్నానని ఎవరైనా డాక్టరుకి చెబుతారా? మెర్వి బల్ల మీద కూడా వచ్చినవాళ్ళ కోసం ఒక గాజు గిన్నె నిండా అవే నల్ల బిళ్ళలు ఉన్నాయి. వెళ్తూ వెళ్తూ ఇర్మెలి గుప్పెడు తీసుకుంది. మెర్వి ఇంకాసిని పోసింది.

రక్తపరీక్షకి మాత్రం పోలేదు. వేసవి పండగ ముంచుకొచ్చింది, పంటుకి ఊపిరి సలపని రోజులు. పండగయ్యాక చూద్దాంలే అనుకుంది.

పండగ ముందు రోజు మధ్యాహ్నం పంటు మీద యోర్మ పాల లారీ ఉంది, వెనక సెలవులు గడిపే ఇళ్ళకి పోయేవాళ్ళ కార్లు రెండున్నాయి. కార్ల మీద పడవలు, పడవల్లో బీరు పెట్టెలు. ఎండ తళతళలాడుతోంది. అవతలి రేవు దగ్గరపడింది. వేగం తగ్గించడానికి ఇర్మెలి మరపిడి మీద చెయ్యి వెయ్యబోయింది. చెయ్యి లేవలేదు. లేవమంటే లేవలేదు! ఆమె తన చేతి వంక విస్తుపోయి చూసింది, అది పక్కవాళ్ళ చెయ్యన్నట్టు. అంతలో గుండె మొదలుపెట్టింది. ఈసారి తలుపు బాది పారిపోలేదు, బాదుతూనే ఉంది. కాళ్ళు తడిగుడ్డల్లా మడత పడ్డాయి. పడిపోతూ పడిపోతూ ఒంటి బరువంతా మరపిడి మీద వేసి వెనక్కి లాగింది.

పంటు ధడేల్మని రేవుని గుద్దింది. వెనక కారు వచ్చి ముందు కారుని పొడిచింది. బీరు పెట్టె ఒకటి నీళ్ళలో పడింది. అంతకు మించి ఎవరికీ ఏమీ కాలేదు. ఆ చివరి క్షణంలో ఆమె లాగకపోయి ఉంటే లారీ నేరుగా సరస్సులోకి పోయేదని తరువాత యోర్మే ఊరంతా చెప్పుకున్నాడు.

అప్పుడు మాత్రం అతను లారీ దిగి గదిలోకి ఉరికి, నేల మీద కూలబడ్డ ఇర్మెలి భుజాలు పట్టుకుని కుదిపాడు.

"ఇర్మెలీ! ఏయ్! కళ్ళు తెరువ్!"

"కార్లు... ముందు కార్లు దింపు..."

"కార్లు గంగలో కలవనీ. కాఫీ మానొద్దని నేను చెప్పానా లేదా? చెప్పానా!" అని అరుస్తూ ఏడ్చాడు యోర్మ. అతను ఏడవగా ఊళ్ళో ఎవరూ చూడలేదు అంతవరకు.

పట్నం ఆసుపత్రిలో ఆమెకి మెలకువ వచ్చేసరికి రెండు చేతులకీ గొట్టాలున్నాయి. మంచం పక్కన సన్నగా, పొడుగ్గా ఉన్న డాక్టరమ్మ నిలబడి ఉంది. పేరు సారెల.

"నా గుండె పోయినట్టేనా?" అని అడిగింది ఇర్మెలి. అడగాల్సింది అదొక్కటే.

"గుండెకేం కాలేదు. గుండె పనిచేయడానికి కావాల్సిన పొటాషియమే మీ ఒంట్లో లేదు. ఇంత తక్కువగా ఉండి మీరు నిన్నటిదాకా పంటు నడిపారంటే నాకు నమ్మబుద్ధి కావట్లేదు. నీరు తీసే మాత్రలేమైనా వేసుకుంటారా?"

"లేదు."

"వాంతులు, విరేచనాలు?"

"లేవు."

"మరి ఎటు పోయింది?" అంది డాక్టరమ్మ, తనలో తను మాట్లాడుకుంటున్నట్టు.

అప్పుడే తైస్తో వచ్చాడు. గడ్డం గీసుకోలేదు, చొక్కా గుండీలు తప్పు కాజాల్లో పెట్టుకున్నాడు. చేతిలో సంచి. సంచిలోంచి ఆమె కళ్ళద్దాలు తీశాడు, ఉన్ని మేజోళ్ళు తీశాడు, ఆఖరున ఎర్ర రేకు డబ్బా తీసి ఆమె ఒళ్ళో పెట్టాడు. అంచుదాకా నిండుగా ఉంది.

"ఆసుపత్రి తిండికి నోరు చేదెక్కుతుందని..."

ఇర్మెలి మూత తీసింది. సారెల చూపు డబ్బా మీద పడి అక్కడే ఆగిపోయింది.

"ఇవి రోజుకి ఎన్ని తింటారు?"

"ఎన్నంటే? డబ్బాలో ఉన్నవి."

"డబ్బాలోంచి ఎన్ని?"

"మొత్తం డబ్బా డాక్టరమ్మా," అన్నాడు తైస్తో గర్వంగా. "పొద్దున నేను నింపుతాను, సాయంత్రానికి ఖాళీ. కాఫీ మానిన దగ్గర్నుంచీ. అంతకుముందు సగమే తినేది."

సారెల ముందుకు వంగి, ఇర్మెలి వేళ్ళ మధ్య నుంచి బిళ్ళనీ, ఒళ్ళోంచి డబ్బానీ తీసుకుంది. కాలుతున్న గిన్నెను పసిపిల్ల దగ్గర్నుంచి తీసినట్టు తీసింది.

"పళ్ళు పాడవుతాయనా?" అన్నాడు తైస్తో.

"ఇందులో అతిమధురం ఉంటుంది. ఆ వేరు రసం. ఎప్పుడో ఒకటి రెండు చప్పరిస్తే ఏమీ కాదు. రోజూ ఇంతింత తింటే ఒంట్లో ఉప్పుని పట్టి ఉంచుతుంది, పొటాషియాన్ని బయటికి తోసేస్తుంది. బీపీ పెరుగుతుంది, కాళ్ళు వాస్తాయి, కండరాలు చచ్చుబడతాయి. గుండె లయ తప్పుతుంది." ఆవిడ గొంతు తగ్గించింది. "నిన్న మీ ఆవిడ గుండె ఆగిపోవాల్సింది."

తైస్తో నోరు తెరిచే ఉంది.

"కాఫీ కాదా?" అన్నాడు చివరికి.

"కాఫీతో దడ వచ్చేవాళ్ళు ఉన్నారు. బీరుతో వచ్చేవాళ్ళున్నారు, కుర్రాళ్ళు డబ్బాలు డబ్బాలు తాగే ఆ ఎనర్జీ నీళ్ళతో వచ్చేవాళ్ళున్నారు. ఎవరి ఒంటికి ఏది పడదో తిన్నదీ తాగిందీ మొత్తం చెబితేగానీ తెలియదు. ఈవిడ విషయంలో కాఫీకి ఏ పాపమూ తెలియదు."

"నేనే నింపాను," అన్నాడు తైస్తో. "రోజూ. నా చేత్తో. ఘాటువి ఏరి ఏరి తెచ్చాను." అలా అంటూ కుర్చీలో కూర్చున్నాడు, లేచాడు, మళ్ళీ కూర్చున్నాడు. చేతుల్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక తొడల కింద పెట్టుకున్నాడు. ఆ మనిషి ముఖం చూడలేక ఇర్మెలి కిటికీ వైపు తిరిగింది. సారెల చెయ్యి తన తెల్లకోటు జేబులోకి పోయింది. నల్ల బిళ్ళల పొట్లం ఒకటి బయటికి వచ్చింది, సగం తిన్నది. ఆవిడ దాన్ని చూసి తనే ఉలిక్కిపడి గబుక్కున మళ్ళీ జేబులో కుక్కేసుకుంది.

ఇర్మెలి మళ్ళీ డబ్బా వైపు తిరిగింది.

"డాక్టరమ్మా, ఆ డబ్బా మా నాన్నది."

"ఊఁ?"

"ఆయనా పొద్దస్తమానం ఇందులోంచే తినేవాడు. ఆయనకీ కాళ్ళు వాచేవి. ఆయన్ని కూడా కాఫీ తగ్గించమన్నారు. ముప్పై ఏళ్ళ కింద పంటు మీదే పోయాడు."

సారెల చేతిలోని డబ్బాని ఇటూ అటూ తిప్పింది.

"ముప్పై ఏళ్ళ కింద పోయిన మనిషి గురించి నేనేమీ చెప్పకూడదు," అంది. "చెప్పలేను కూడా." కానీ ఆవిడ కళ్ళు చెప్పేశాయి.

ఇన్నాళ్ళూ నాన్న గుండె, నాన్న గుండె అని ఇర్మెలి భయపడి చచ్చింది. నాన్న దగ్గర్నుంచి తనకి వచ్చింది గుండె కాదు, రేకు డబ్బా! కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు. ఆ వెంటనే తల్లి గుర్తొచ్చింది. వేడినీళ్ళ కప్పు గుర్తొచ్చింది. ముప్పై ఏళ్ళుగా చెయ్యని పాపానికి నోరు కట్టుకుని కూర్చున్న మనిషి. అది కాఫీ కాదమ్మా అని చెప్పడానికి ఆ క్షణమే గొట్టాలు పీకేసుకుని పరిగెత్తాలనిపించింది.

పరిగెత్తడానికి చాలా రోజులు పట్టింది. అతిమధురం ఒంట్లోంచి తొందరగా పోయే సరుకు కాదు. వాపు మెల్లగా దిగింది, బూట్లు ఎక్కాయి, దడ రోజుకింత తగ్గి ఒకనాటికి మాయమైంది. ఆగస్టులో కంపెనీ డాక్టరు ఆమె గుండె విని, మళ్ళీ విని, పంటు నడుపుకోవచ్చన్నాడు. నల్ల బిళ్ళ కనబడితే మాత్రం తనే వచ్చి దింపేస్తానన్నాడు.

ఇంట్లో బాగవనిది తైస్తోయే. డబ్బాని కొట్టంలోకి తీసుకెళ్ళి మేకులు పోసుకున్నాడు. అయినా కొట్టంలోకి వెళ్ళినప్పుడల్లా దాని ముందు నిలబడిపోయేవాడు. కంచంలో ఏది వడ్డించబోయినా చెయ్యి సగంలో ఆగి వెనక్కి పోయేది. ఇది పర్లేదా, ఇందులో ఏముందో అని గొణుక్కునేవాడు. బన్నులు కాల్చడం మానేశాడు.

"చంపదలుచుకున్నవాడివి ఇంత ప్రేమగా చంపుతావా ఎక్కడైనా? ఊరుకోవయ్యా," అని ఇర్మెలి నవ్వించబోయింది. అతను నవ్వలేదు. రాయి గుండె మీద పెట్టుకున్నట్టు తిరిగాడు మనిషి.

మళ్ళీ పంటు ఎక్కే ముందు రోజు ఇర్మెలి ఫ్లాస్కు నిండా కాఫీ పోసుకుని, తనే యాలకుల బన్నులు చేసుకుని, తైస్తోని వెంటబెట్టుకుని తల్లి ఉండే వృద్ధుల ఇంటికి వెళ్ళింది. ఐలికి ఎనభై దాటి చాలా ఏళ్ళయింది. కాళ్ళు కదలవు గానీ నాలుక మాత్రం చురుగ్గా ఉంది.

"బతికొచ్చావన్నమాట," అంది కూతుర్ని చూడగానే. "దడ కాఫీ వల్లేనా? నాకు తెలుసు. నేను చెబితే వింటేనా నువ్వు!"

"కాఫీ వల్ల కాదమ్మా."

"ఏంటీ?"

"కాఫీ వల్ల కాదు. పెద్దాసుపత్రి డాక్టరే చెప్పింది. నేను మానేశాకే ఎక్కువైంది. నాన్నది కూడా... నాన్నది కూడా కాఫీ వల్ల అయ్యుండదమ్మా. నువ్వు పోసిన ఆ కప్పు వల్ల కాదు."

ఐలి చేతులు దుప్పటి మీద అటూ ఇటూ కదిలాయి, ఏదో వెతుకుతున్నట్టు. "రెండో కప్పు," అంది. "బతిమాలాడే. పోశాను."

"అది కాదమ్మా. ఒట్టు."

ముసలావిడ కళ్ళ వెంట నీళ్ళు కారాయి, తుడుచుకోలేదు. ఇర్మెలి ఫ్లాస్కు మూత తిప్పి కప్పులో పోసింది. గదంతా కాఫీ వాసన నిండింది. ఐలి కప్పు రెండు చేతులా పట్టుకుని చాలాసేపు వాసన చూసి, ఒక గుక్క తాగింది. కళ్ళు మూసుకుంది. మళ్ళీ తెరిచింది.

"ఇంత పల్చగా పెట్టావేంటే?"

ఇర్మెలి నవ్వుతూ ఏడ్చింది. తైస్తో ముఖంలో కూడా అన్ని వారాల తరువాత మొదటిసారి కాస్త వెలుగు కనబడింది. ఐలి కప్పు ఖాళీ చేసి ఇంకా పోయమంది. పోసింది ఇర్మెలి.

"ఆ కప్పు ఇన్నాళ్ళూ నా గొంతులో అడ్డం పడి ఉందే," అంది ఐలి నెమ్మదిగా. "ఒక్కటే నాకు ఊరట. కాఫీ తగ్గించాను గానీ ఆయన్ని నోరు కట్టుకోనివ్వలేదు. ఆ ఎర్ర డబ్బా ఉందే, దాన్ని రోజూ నేనే నింపి ఇచ్చేదాన్ని. తట్టి తట్టి నింపితే పడతాయి ఇంకో నాలుగు. ఒక్కపూట ఖాళీగా పంపలేదు. పోయిన రోజు కూడా నిండుగా ఇచ్చాను. ఎంత పాపం చేసినా ఆ ఒక్క మంచి చేశానుగదా అనుకునే బతికాను."

ఇర్మెలి చేతిలో ఫ్లాస్కు అలాగే ఉండిపోయింది. పక్కన తైస్తో ఊపిరి పీల్చిన చప్పుడు ఆమెకి వినబడింది.

"అవునూ," అంది ఐలి, "కాఫీ కాదంటే మరి దేనివల్లట నీ దడ?"

ఇర్మెలి నోరు తెరిచింది. జవాబు నాలుక చివరే ఉంది. తల్లి ముఖం ముందుకు వంగి, కాఫీతో తడిసిన పెదవులతో, ముప్పై ఏళ్ళలో ఎన్నడూ లేనంత తేలిగ్గా ఉంది.

"అరటిపళ్ళు అత్తయ్యా," అన్నాడు తైస్తో ఒక్కసారిగా. "మీ అమ్మాయి అరటిపండు ముట్టదు కదా. ఒంట్లో పొటాషియం పడిపోయింది. అదీ సంగతి."

"అరటిపళ్ళా!" ఐలి కూతురి మోచేతి మీద ఒక్కటిచ్చింది. "చిన్నప్పట్నుంచీ అంతే ఇది. కూరలు తినమంటే తినదు, పండు తినమంటే తినదు. సిగ్గులేదూ, అరటిపండు తినక చావబోయావా?"

"ఇకనుంచి తింటానమ్మా," అంది ఇర్మెలి.

బయల్దేరుతుంటే ఐలి బల్ల సొరుగు లాగి ఒక పొట్లం తీసింది. నల్ల బిళ్ళలు.

"నువ్వు తింటున్నావా ఇవి?" ఇర్మెలి గొంతు కీచుమంది.

"నాకు పళ్ళెక్కడివే? వచ్చినవాళ్ళకి పెడతాను. తీసుకో, రేపు పంటెక్కుతున్నావుగా. నాన్న డబ్బాలో పోసుకో. నిండా పోసుకో."

ఇర్మెలి తీసుకుంది. తల్లి బుగ్గ మీద ముద్దు పెట్టుకుని, సరేనమ్మా అంది.

కారు తలుపు దగ్గర తైస్తో ఆగిపోయాడు.

"ఆవిడకి నిజం చెప్పకుండా అడ్డం పడ్డాను. తప్పు చేశానా?"

"లేదు."

"మరి నువ్వెందుకు చెప్పలేదు? నోటిదాకా వచ్చిందిగా."

"నీకు నిజం చెప్పారుగా," అంది ఇర్మెలి. "తెలిసినప్పట్నుంచీ నువ్వెలా ఉన్నావో రోజూ చూస్తున్నాను."

తైస్తో చెయ్యి చాచాడు. ఆమె పొట్లం అతని చేతిలో పెట్టింది. అతను రోడ్డు వెనకాల మెరుస్తున్న సరస్సు వంక చూశాడు, విసిరెయ్యడానికి చెయ్యెత్తాడు.

"వద్దు, చేపలకి దడ పుడుతుంది," అంది ఇర్మెలి.

తైస్తో ఫక్కున నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ కారు పైకప్పు మీద తల ఆనించి భోరుమన్నాడు. ఇర్మెలి అతని వీపు మీద చెయ్యి వేసి నిలబడింది. చాలాసేపయ్యాక అతను ముఖం తుడుచుకుని, ఫ్లాస్కు ఊపి చూశాడు. అడుగున కాస్త మిగిలింది. మూతలో ఒంపి, ఈసారి చెయ్యి వెనక్కి తీసుకోకుండా ఆమెకి అందించాడు.